మలుపు దీపము

నడచిపోవు మనుష్యుడు ప్రక్కదారి పట్టదలచినచో ఎవ్వరికిని చెప్పి తిరుగనక్కఱలేదు. అతని నడక మెల్లనిది. వెనుక వచ్చువాడు తగిలినను భుజము నొచ్చుటకంటె నెక్కువ కీడు కలుగదు. వేగముగ పోవు వాహనము నెక్కినవాని సంగతి అట్టిది కాదు. అతడు ఎటు తిరుగనెంచినాడో ఆ సంగతి వెనుక వచ్చువానికి ముందుగ తెలియవలెను. కాని వెనుకవానికి అతని ముఖము కనబడదు, మాట వినబడదు, కనబడునది వీపు మాత్రమే. ఆ వీపునకు నోరు లేదు. ఆ లోపమును తీర్చుటకు పుట్టినదే మలుపు దీపము. దీనినే మనము వాడుకలో ఇండికేటరు అనుచున్నాము.

ఈ చిన్న దీపము ఎట్లు వెలుగును? ఏల మాటిమాటికి ఆరి వెలుగును? అది లేని పాత స్కూటరునకు దానిని అమర్చునపుడు ఏయే జాగ్రత్తలు తీసికొనవలెను? ఈ పాఠమున ఆ విషయములను తెలిసికొందము.

దక్షిణ తెలంగాణమున రెండు పెద్ద బాటలు కలవు. హైదరాబాదునుండి విజయవాడకు పోవునది చౌటుప్పల, చిట్యాల, నార్కెట్‌పల్లి, నకిరేకల్లు, సూర్యాపేటల మీదుగ సాగును. హైదరాబాదునుండి కర్నూలునకు పోవునది షాద్‌నగరు, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగ పోయి బీచుపల్లి యొద్ద కృష్ణానదిని దాటును. పూర్వము వీనికి 9, 7 అను సంఖ్యలుండెను. 2010లో దేశమందలి జాతీయ రహదారులకు క్రొత్త సంఖ్యలు నిర్ణయింపబడినపుడు ఇవి 65, 44 సంఖ్యల బాటలైనవి. హైదరాబాదునుండి వచ్చువారికి నల్లగొండ నార్కెట్‌పల్లి యొద్ద కుడివైపుననే యుండును. మహబూబునగరమును జడ్చర్ల యొద్ద కుడివైపుననే యుండును. ఈ బాటలకు ఇరువైపుల నున్న పల్లెలలో సగము పల్లెలకు కుడివైపునకే తిరుగవలెను.

మన దేశమున వాహనములు బాటకు ఎడమప్రక్కగ పోవలెను. కావున ఎడమవైపునకు తిరుగుట సులభము. కుడివైపునకు తిరుగువాడు మాత్రము ఎదుటినుండి వచ్చు వాహనముల దారిని ఖండించుకొని పోవలెను. వెనుకనుండి వచ్చువాడును ముందువానిని కుడిప్రక్కనుండియే దాటిపోవును. ఈ రెండు గండముల నడుమ చిక్కినవాడు ఆ కుడివైపునకే తిరుగనెంచి, ఆ మాట ఎవ్వరికిని తెలుపకున్నచో ఏమగునో మీరే ఊహింపుడు. పెద్ద కూడళ్ళయొద్ద నేడు పైవంతెనలు కట్టబడుచున్నవి. కాని పల్లెకు పోవు ప్రతి చిన్న దారికిని వంతెన యుండదు కదా!

దీపములు లేని కాలమున ఈ మాటను చేయి చెప్పుచుండెను. కుడివైపునకు తిరుగువాడు కుడిచేతిని బారచాపి, అఱచేయి ముందువైపునకు ఉండునట్లు నేలకు సమాంతరముగ పట్టవలెను. ఎడమవైపునకు తిరుగువాడు అదే కుడిచేతిని చాపి, గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగ త్రిప్పవలెను. ఈ చేసంజ్ఞలు నేటికిని నేర్చుకొనదగినవే. దీపము చెడిపోయిననాడు మనలను కాపాడునవి ఇవియే. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము వాహనము నడుపువాడు విధింపబడిన సంజ్ఞలను చేయవలెనని శాసించి, తిరుగు సంజ్ఞను విద్యుత్సాధనముచే చేయుటకును అనుమతించినది.

కాని పాత స్కూటరును నడుపువానికి చేసంజ్ఞలో ఒక చిక్కు కలదు. దాని హ్యాండిలునకు ఎడమచేతి పిడి క్లచ్చికిని గేర్లకును, కుడిచేతి పిడి వేగమునకును ముందు బ్రేకునకును ఏర్పడినవి. వేగము తగ్గించి గేరు మార్చవలసిన ఆ క్షణమునందే కుడిచేయి గాలిలో నుండవలెను. చక్రములు చిన్నవి, గతుకుల బాటలో ఒక్క చేతికి బండి సరిగ నిలువదు. పైగా చీకటిపడిన పిమ్మట చేయి కనబడదు.

ఈ చిక్కు కార్ల విషయమున ముందుగ తీరినది. ఐరోపాఖండమున కొన్ని కార్లకు, రైలు సిగ్నలు చేయివలె ప్రక్కనుండి పైకి లేచు చిన్న కడ్డీలుండెడివి. 1939లో అమెరికా దేశపు బ్యూయిక్ కార్లకు ఆరి వెలుగు మలుపు దీపములు అమర్చబడినవి. తరువాత ఆ పద్ధతియే లోకమంతట వ్యాపించినది.

స్కూటర్లకు ఇవి వచ్చుట ఆలస్యమైనది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే ఇటలీ దేశమున రెండు ప్రసిద్ధమైన స్కూటర్లు పుట్టినవి. పియాజియో సంస్థ 1946లో వెస్పాను, మిలాను నగరమందలి ఇన్నోచెంతీ సంస్థ 1947లో లాంబ్రెట్టాను తయారుచేసినవి. వెస్పా అనగా ఇటలీభాషలో కందిరీగ అని అర్థము. ఈ రెండు వంశముల బండ్లును మన దేశమునకు వచ్చినవి. లక్నోలో 1972లో ఏర్పడిన స్కూటర్స్ ఇండియా సంస్థ లాంబ్రెట్టా యంత్రసామగ్రిని ఇటలీనుండి కొని తెచ్చినది. 1942లో హైదరాబాదున స్థాపింపబడిన ఆల్విన్ సంస్థ పేరుతో వెలువడిన పుష్పక్ స్కూటరును ఈ లాంబ్రెట్టా వంశములోనిదే. ఈ బండ్ల నిర్మాణము ఆగిపోయి చాలకాలమైనది. అయినను తండ్రుల నాటి స్కూటరును భద్రముగ తుడిచి నడుపుకొనువారు ఇప్పటికిని అక్కడక్కడ కలరు. 1960, 1970 దశాబ్దముల స్కూటర్లలో పెక్కింటికి ఇండికేటర్లు లేవు. వానిని తరువాత అమర్చుకొనవలసినదే.

దృష్టాంతముగ నొక ఉపాధ్యాయుని తలచుకొందము. ఆయన నల్లగొండనుండి దేవరకొండకు పోవు బాటకు కుడిప్రక్కనున్న ఒక పల్లెలో కాపురముండి, ప్రతిదినమును పట్టణమునకు వచ్చి భౌతికశాస్త్రము బోధించుచుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆయన కుమార్తెయు ఆయన వెనుక కూర్చుండి అదే బడికి వచ్చుచుండెను. వారి వాహనము తాతల ఆస్తివలె సంక్రమించిన పాత స్కూటరు. దానికి బ్యాటరీ లేదు, ఇండికేటర్లు లేవు.

ఒక ఆదివారమున ఉపాధ్యాయుడు నాలుగు మలుపు దీపములను, ఒక ఫ్లాషరును, ఒక స్విచ్చిని కొనితెచ్చి, ముందు దీపమునకు పోవు తీగనుండి ఒక పాయ తీసి, అన్నింటిని తానే అమర్చుకొనెను. ఇంటి ముంగిట ఇంజనును నడిపి స్విచ్చి త్రిప్పగా దీపములు చక్కగ ఆరి వెలిగెను. ఇరుగుపొరుగువారు చూచి మెచ్చుకొనిరి. విద్యుత్తును గుఱించి ఇరువది సంవత్సరములు పాఠము చెప్పినవానికి ఇది యెంత పని యని ఆయనయు లోలోపల సంతోషించెను.

మఱునాటి సాయంకాలము తండ్రియు కుమార్తెయు ఇంటికి పోవుచుండిరి. పల్లెదారి సమీపించినది. ఉపాధ్యాయుడు కుడివైపు స్విచ్చి నొక్కి, వేగము తగ్గించి, మెల్లగ తిరుగసాగెను. వెనుకనుండి వచ్చుచున్న లారీ అదే క్షణమున స్కూటరును దాటిపోవుటకు కుడిప్రక్కకు వచ్చినది. పెద్ద హారను మ్రోగినది, బ్రేకులు కీచుమన్నవి. లారీ స్కూటరునకు మూరెడు దూరమున పోయి ఆగెను. డ్రైవరు తల బయటకు చాచి, "సారూ, చేయి చూపకుండ తిరుగుదురా? వెనుక పిల్ల ఉన్నదని యైనను చూడలేదా?" అని కేక వేసెను.

"దీపము వేసితిని కదా!" అని ఉపాధ్యాయుడు అనబోయెను. అప్పుడు కుమార్తె వెనుకకు వంగి చూచి, "నాయనా, దీపము వెలుగుటలేదు" అని నెమ్మదిగ పలికెను. ఆయన చూచెను. దీపము ఒక్కసారి మిణుకుమని ఆరిపోయినది.

లారీ డ్రైవరు తప్పు చేయలేదు. ముందు బండి నెమ్మదించుట చూచి, తనకు దారి ఇచ్చుచున్నాడని తలచెను. ఉపాధ్యాయుడును తాను చెప్పవలసినది చెప్పితిననియే తలచెను. చెప్పినది ఒకటి, చేరినది ఒకటి. ఆ నడుమనే ప్రాణాపాయము నిలిచియుండెను. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందునకు సాగును. ముందువాని ఉద్దేశము రెండు సెకనులు ఆలస్యముగ తెలిసినచో ముప్పదిమూడు మీటర్ల బాట చేజాఱినట్లే.

మఱునాడు ఉపాధ్యాయుడు కుమార్తెను వెంటబెట్టుకొని పట్టణములో పాత స్కూటర్లను బాగుచేయు వృద్ధుడైన ఉస్తాదు కడకు పోయెను.

"ఉస్తాద్, ఇంటియొద్ద చక్కగ వెలిగిన దీపము బాటమీద ఏల వెలుగలేదు?" అని అడిగెను.

"సారూ, ఇంటియొద్ద పరీక్షించినపుడు ఇంజనును ఎంత వేగమున నడిపితిరి?"

"దీపము బాగుగ వెలుగువఱకు పిడి త్రిప్పితిని."

"మఱి మలుపుకడ?"

ఉపాధ్యాయుడు మాటాడలేదు. కుమార్తె, "మలుపుకడ నాయన పిడి వదలినారు" అనెను.

"అదే సంగతి, బిడ్డా!" అని ఉస్తాదు నవ్వి, ఇంజను ప్రక్కనున్న చక్రమును చూపెను. "ఈ బండిలో విద్యుత్తును పుట్టించునది ఈ చక్రమే. దీనిలో అయస్కాంతములున్నవి. ఇది తిరుగునపుడు లోపలి తీగచుట్టలలో విద్యుత్తు పుట్టును. వేగముగ తిరిగినచో ఎక్కువ. మెల్లగ తిరిగినచో తక్కువ."

దీనికి మాగ్నెటో అని పేరు. అయస్కాంతము కదలినపుడు ప్రక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని మైకేలు ఫారడే 1831లో కనుగొనెను. ఇట్లు పుట్టు విద్యుత్తు ఒకే దిక్కున పోక ఇటునటు మాఱుచుండును. కావున దానిని ఏకాంతర విద్యుత్తు అందురు. ముందు దీపమునకు ఇది చాలును, ఏలయన బండి పరుగెత్తునపుడే ఆ దీపముతో ఎక్కువ పని. మలుపు దీపముతో పనియో, బండి నెమ్మదించునపుడు! ఇంజను మెల్లగ తిరుగు ఆ సమయముననే మాగ్నెటో బలము ఉడిగిపోవును. సరిగ మాట చెప్పవలసినవేళ నోరు పెగలదు. ఉపాధ్యాయుడు తీగలను తప్పుగ కలుపలేదు. తగని చోటినుండి శక్తిని తీసికొనెను.

"మాగ్నెటో వాగువంటిది, సారూ" అనెను ఉస్తాదు. "వాన పడినపుడు పొర్లును, ఎండినపుడు చుక్క యుండదు. వాగును నమ్మి పంట పెట్టుదుమా? మన పానగల్లు ఉదయసముద్రమువలె చెఱువు కట్టవలెను. వాగు పొర్లినపుడు నింపుకొని, కావలసినపుడు తూము తీయవలెను. ఈ బండికి చెఱువు లేదు. ఆ చెఱువే బ్యాటరీ."

బ్యాటరీనుండి విద్యుత్తు ఒకే దిక్కున ప్రవహించును. అది ఏకముఖ విద్యుత్తు. మాగ్నెటోలోని ఏకాంతర విద్యుత్తుతో బ్యాటరీని నింపుటకు నడుమ రెక్టిఫయరు అను సాధనము నుంచవలెను. అది ఒకే వైపునకు తెఱచుకొను తలుపువంటిది. మాగ్నెటోనుండి బ్యాటరీకి పోవు విద్యుత్తును పోనిచ్చును. ఇంజను ఆగినపుడు బ్యాటరీనుండి మాగ్నెటోకు తిరిగి పాఱనీయదు. దానితోపాటు రెగ్యులేటరు కూడ నుండవలెను. చెఱువునకు అలుగు లేనిచో వఱదకు కట్ట తెగును; రెగ్యులేటరు లేనిచో ఇంజను మిక్కిలి వేగముగ తిరిగినపుడు బ్యాటరీ మితిమీరి నిండి చెడిపోవును.

ఉస్తాదు ఒక చిన్న ఆఱు వోల్టుల బ్యాటరీని బిగించి, మలుపు దీపములను దానికి చేర్చెను. ముందు దీపము పూర్వమువలె మాగ్నెటోతోనే వెలుగుచుండెను. బ్యాటరీ చిన్నది, దానిపై పెద్ద బరువు మోపరాదు. ఒక వైపు రెండు దీపములు, ఒక్కొక్కటి 10 వాట్లు. రెండును కలసి 20 వాట్లు. వాట్లను వోల్టులచే భాగించినచో ఆంపియర్లు వచ్చును. 20ని 6చే భాగింపగా సుమారు 3.3 ఆంపియర్లు. కావున 5 ఆంపియర్ల ఫ్యూజు చాలును. తీగ ఎచటనైన ఒరసికొని రేకునకు తగిలినచో, తీగలు కాలకముందే ఫ్యూజు తాను కరగి ప్రవాహము నాపును.

ఇక విద్యుత్తు నడచు దారిని చూతము. అది బ్యాటరీనుండి బయలుదేఱి ఫ్యూజునకును, ఫ్యూజునుండి తాళపు స్విచ్చికిని, అచటినుండి ఫ్లాషరునకును, ఫ్లాషరునుండి హ్యాండిలుమీది మలుపు స్విచ్చికిని పోవును. ఈ స్విచ్చికి మూడు స్థానములు కలవు. నడుమ నున్నచో దారి మూసియుండును. ఎడమవైపునకు త్రిప్పినచో ఎడమ ముందు, ఎడమ వెనుక దీపములకును, కుడివైపునకు త్రిప్పినచో కుడివైపు రెండు దీపములకును దారి తెఱచుకొనును. దీపమును వెలిగించిన విద్యుత్తు స్కూటరు ఇనుప దేహముద్వారా మఱల బ్యాటరీకి చేరును. ఈ తిరుగుదారినే ఎర్తు అందురు. పోవుదారి యెంత ముఖ్యమో తిరుగుదారియు అంత ముఖ్యము. వలయము పూర్తికానిదే దీపము వెలుగదు.

దీపము ఆరి వెలుగుటకు కారణము ఫ్లాషరు. పాతకాలపు ఫ్లాషరులో బిగించి కట్టిన సన్నని తీగ యొకటి యుండును. ఆ బిగువువలన లోపలి రెండు లోహపు మొనలు ఒకదానికొకటి తగులక ఎడముగ నుండును. స్విచ్చి వేయగానే కొద్దిపాటి విద్యుత్తు ఆ తీగగుండ పోయి దానిని వేడెక్కించును. వేడికి లోహము సాగునని మీరు చదివియున్నారు. తీగ సాగగానే బిగువు సడలి మొనలు తగులును. విద్యుత్తు నేరుగ దీపమునకు పోయి అది ప్రకాశవంతముగ వెలుగును. ఇప్పుడు తీగగుండ ప్రవాహము తగ్గినందున అది చల్లబడి ముడుచుకొనును. మొనలు విడివడును, దీపము ఆరును. తీగ మఱల వేడెక్కును. ఇట్లు వేడిమియు చల్లదనమును ఒకదాని వెంట నొకటి వచ్చుటచే దీపము కనుఱెప్పవలె కొట్టుకొనును. ఉపాధ్యాయుని స్కూటరు మలుపుకడ మెల్లగ నడచినపుడు ఆ తీగ వేడెక్కుటకు చాలినంత విద్యుత్తు కూడ మాగ్నెటోనుండి రాలేదు. అందుచేతనే దీపము ఒకసారి మిణుకుమని ఆగిపోయినది.

1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నియమావళి ప్రకారము ఈ దీపము పసుపు కలసిన నారింజవన్నెలో నుండవలెను. నిమిషమునకు 60 మార్లకు తగ్గక, 120 మార్లకు మించక వెలుగవలెను. వెనుక నిలుకడగ వెలుగు ఎఱ్ఱని దీపము బండి యున్నదని చెప్పును. దానినుండి వేఱుగ కనబడుటకే మలుపు దీపమునకు వేఱు రంగును, ఆ కదలికయు కావలసివచ్చినవి. కదలనిదానికంటె కదలుచున్నదానిపై మన దృష్టి త్వరగ నిలుచును.

బ్యాటరీ బిగించిన పిమ్మట ముందు దీపములు బాగుగ వెలిగెను. వెనుకవి మాత్రము మందముగ నుండెను. వెనుక దీపములు ఇంజనును కప్పు ప్రక్క రేకులమీద బిగింపబడినవి. ఆ రేకులకు రంగు పూసియున్నది. అవి రబ్బరుపై ఆనుకొనియున్నవి. రంగుగాని రబ్బరుగాని విద్యుత్తును పోనీయవు. బిగించిన మొలకు తుప్పు కూడ పట్టినది.

"బిడ్డా, నీవు ఓము నియమము చదివితివా? ఈ తుప్పు ఎంత వెలుగు తినునో లెక్క కట్టుము" అని ఉపాధ్యాయుడు కుమార్తెకు కాగితము నిచ్చెను.

ఆమె ఇట్లు లెక్కించెను. ఆఱు వోల్టులకు 20 వాట్ల దీపముల జంట నిరోధము 1.8 ఓములు. తుప్పు మూలమున తిరుగుదారిలో 0.6 ఓము నిరోధము చేరినదనుకొందము. మొత్తము 2.4 ఓములు. అప్పుడు ప్రవాహము 2.5 ఆంపియర్లు. దీపములకు దక్కునది 4.5 వోల్టులు. కావున అవి పుచ్చుకొను శక్తి 20 వాట్లు కాదు. సుమారు 11 వాట్లు మాత్రమే. బ్యాటరీ పండ్రెండు వోల్టులదైనచో, 20 వాట్ల దీపముల నిరోధము 7.2 ఓములు. అదే తుప్పు అడ్డుపడినను వానికి సుమారు 17 వాట్లు దక్కును. (దీపపు తీగ చల్లబడినపుడు దాని నిరోధము కొంత మాఱును గాన ఈ లెక్క ఉజ్జాయింపు.) ఆఱు వోల్టుల బండికి చిన్న తుప్పు ఎంత పెద్ద శత్రువో దీనివలన తెలియుచున్నది.

ఉస్తాదు ఆ మొలచుట్టును గీకి లోహము తళతళలాడునట్లు చేసి, వెనుక దీపములనుండి బండి చట్రమునకు వేఱుగ నొక ఎర్తు తీగను కలిపెను. హ్యాండిలు ఇటునటు తిరుగునపుడు తీగ లాగబడకుండ కొంత వదులు విడిచెను. రేకు రంధ్రములో తీగ ఒరసికొనకుండ రబ్బరు తొడుగు వేసెను. పిమ్మట ఇంజనును ఆపి, "ఇప్పుడు స్విచ్చి వేయుడు, సారూ" అనెను. ఇంజను నడువకున్నను నాలుగు దీపములును జంటజంటలుగ నిండుగ వెలిగెను. "ఇదియే అసలు పరీక్ష. బండి నిలిచియున్నప్పుడు వెలిగినదే మలుపు దీపము" అనెను.

ఇంకొక సంగతి కూడ ఉస్తాదు చెప్పెను. జంటలో ఒక దీపము మాడిపోయినచో ఫ్లాషరుగుండ పోవు విద్యుత్తు తగ్గును. అప్పుడు దీపము కొట్టుకొను తీరు మాఱును, లేదా ఆగిపోవును. ఆ మార్పును చూడగానే బండి దిగి పరీక్షింపవలెను. నేడు దొరకు ఎల్‌ఇడి దీపములు చాల తక్కువ విద్యుత్తుతో వెలుగును. వానితో పాతరకపు ఫ్లాషరు తీగ వేడెక్కదు. కావున వానికి ఎలక్ట్రానిక్ ఫ్లాషరును వాడవలెను.

ఆ సాయంకాలము వారు మఱల అదే బాటను పోయిరి. ఉపాధ్యాయుడు మలుపునకు చాల ముందుగనే స్విచ్చి త్రిప్పి, అద్దములో చూచి, వేగము తగ్గించెను. వెనుక లారీ యొకటి వచ్చుచుండెను. అది దాటుటకు కుడిప్రక్కకు రాలేదు. నెమ్మదించి, ఎడమప్రక్కనే ఉండెను. డ్రైవరు ఎవ్వరో తండ్రికూతుండ్రకు తెలియదు. వారెవ్వరో అతనికిని తెలియదు. అయినను ఒకరి మాట యొకరికి అందినది. స్కూటరు క్షేమముగ పల్లెదారిలోనికి దిగినది.

కొంతదూరము పోయిన తరువాత కుమార్తె తండ్రి భుజము తట్టి, "నాయనా, దీపమింకను కొట్టుకొనుచున్నది" అనెను. ఆయన స్విచ్చిని నడిమి స్థానమునకు త్రిప్పెను. కార్లలో మలుపు ముగిసి చక్రము సరియగునపుడు స్విచ్చి తనంతట తానే వెనుకకు వచ్చును. పాత స్కూటరులో ఆ పని నడుపువాడే చేయవలెను. తిరిగిన పిమ్మటను ఆర్పని దీపము, తిరుగనెంచనివాడు తిరుగుదునని చెప్పిన మాటవంటిది. ఎదుటివాడు దానిని నమ్మి బాటమీదికి వచ్చినచో ఆ దోషము దీపమును మఱచినవానిదే.

విద్యార్థులారా! మీలో కొందఱు తండ్రి బండి వెనుక కూర్చుండి బడికి వచ్చుచుందురు. రేపు బయలుదేఱుటకు ముందు, ఇంజను ఆపియున్నపుడు, ఒక్కసారి వెనుకకు పోయి నిలిచి రెండువైపుల దీపములను చూడుడు. నడుపువానికి తన వెనుక దీపము కనబడదు. అది వెలుగుచున్నదో లేదో చూచి చెప్పగలవారు మీరే.

ప్రశ్నలు

1. కుడివైపునకు తిరుగుట ఎడమవైపునకు తిరుగుటకంటె ఏల అపాయకరము?
2. ఇంటియొద్ద వెలిగిన దీపము మలుపుకడ వెలుగకపోవుటకు కారణమేమి?
3. వాగు, చెఱువు, తూము, అలుగు అను పోలికలతో మాగ్నెటోను బ్యాటరీని గుఱించి వివరింపుడు.
4. ఫ్లాషరు పనిచేయు విధమును మీ సొంతమాటలలో వ్రాయుడు.
5. తిరుగుదారిలో 0.6 ఓముకు బదులు 0.2 ఓము నిరోధమున్నచో, ఆఱు వోల్టుల దీపముల జంటకు ఎన్ని వాట్లు దక్కునో లెక్కింపుడు.
6. లారీ డ్రైవరు తప్పు చేయలేదని రచయిత ఏల చెప్పినాడు? మీ అభిప్రాయమేమి?